తెల్లని పొడిపై దండయాత్ర

“టక్” అన్నది కారు. తాళం తిప్పిన ప్రతి మనిషికీ జీవితంలో ఏదో ఒకనాడు వినిపించే ఈ ఏకపద కావ్యానికి తాత్పర్యం చెప్పమంటే పూర్వపు వ్యాఖ్యాతలు తాటాకులు తెప్పించుకునేవారేమో గానీ, స్టీరింగు ముందు కూర్చున్న ఆయనకు ఏ వ్యాఖ్యానమూ అక్కరలేకపోయింది. డాష్‌బోర్డు మీద దీపాలన్నీ ఒక్కసారి వెలిగి, ఎందుకు వెలిగామో తమకే తెలియనట్టు సిగ్గుపడి ఆరిపోయాయి. షెడ్డు రేకుల మీద వర్షం దంచుతోంది. మళ్ళీ తిప్పాడు. ఈసారి ఆ టక్కు కూడా లేదు; కావ్యం మౌనంలోకి ముగిసింది. గోడకవతల బీరువా తలుపు కిర్రుమంది. లోపల ఆయన భార్య సంచీ సర్దుకుంటోంది. “బండి బయటికి తీస్తాను, నువ్వు నిదానంగా రా” అని ఎంత ధీమాగా చెప్పి వచ్చాడు తను, సేనాపతి రథం సిద్ధం చేయించడానికి వెళ్ళినట్టు. ఆస్పత్రి నుంచి ఫోను వచ్చి ఎంతసేపైంది? గోడ గడియారం చూడలేదు. ఫోనులో నర్సు గొంతు కూరగాయల ధర చెప్పినంత మామూలుగా ఉంది: “కిడ్నీ దొరికిందండీ. సాయంత్రం ఆరింటి లోపల ఇక్కడ ఉండాలి. రాలేకపోతే ఇప్పుడే చెప్పండి, వరుసలో తర్వాత ఉన్నవాళ్ళకి ఫోన్ చేసుకుంటాం.” రాగలం అన్నాడు. ఆ మాట అనడానికే ఇన్నాళ్ళుగా గొంతు దాచుకున్నవాడిలా, నర్సు ప్రశ్న పూర్తి కాకముందే అన్నాడు. వరుసలో తర్వాత ఉన్నవాళ్ళు కూడా ఇలాగే గొంతు దాచుకుని ఉంటారు. వాళ్ళ కారు బహుశా ‘టక్’ అనదు.

అయినా ఎందుకు అనాలి ఈ కారు? ప్రపంచంలో మరే బ్యాటరీకైనా అలిగే హక్కు ఉందేమో గానీ దీనికి లేదు. ఇంత సేవ చేయించుకున్న బ్యాటరీ భూమి మీద మరొకటి ఉంటుందా? మహారాజుల పల్లకీలకు ఇన్ని మెరుగులు పెట్టి ఉండరు. ఆయన కిందికి దిగి బ్యానెట్టు ఎత్తాడు, ఊతకర్ర తగిలించాడు, అలవాటు చొప్పున కళ్ళతో ఆ తెల్లటి పొడిని వెతికాడు. తెల్లటిదనడం సగం సత్యం. నెగెటివ్ వైపు బూడిదలా, పాజిటివ్ వైపు మయిలుతుత్తం కలిపిన ఆకుపచ్చలా, గోడకు చెమ్మ దిగినట్టు, ఎవరూ చూడనప్పుడు పుట్టి ఎవరూ చూడనప్పుడు పెరిగే పొడి. మొట్టమొదటిసారి దాన్ని చూసింది ఆవిడకు డయాలిసిస్ మొదలైన వారంలోనే. ఆరోజు కూడా బండి కదలలేదు. బ్యాటరీల షాపు ఆయన వచ్చి బ్యానెట్టు ఎత్తి, “చూశారా సార్, ఎలా పూసిందో” అన్నాడు, పెరట్లో గులాబీ గురించి చెప్పినట్టు. పూసింది. ఆ మాట ఆయన చెవిలో ముల్లులా ఉండిపోయింది. లోపల ఆమ్లం ఆవిరై బయటికొచ్చి లోహాన్ని తింటుందట, తిన్నదంతా ఇలా పొడిగా కక్కుతుందట. అంటే లోపల జరగవలసినవి లోపల సరిగా జరగక, విషం బయటికొచ్చి పేరుకోవడం. సరిగ్గా ఇదే సంగతి ఆ ఉదయమే డాక్టరు వేరే మాటల్లో చెప్పాడు, బ్యాటరీ గురించి కాదు.

డాక్టరు చెప్పినదాని విషయంలో ఆయన చేయగలిగింది ఏమీ లేదు. తన కిడ్నీ ఇస్తానన్నాడు. పరీక్షలు చేసి, మీది సరిపడదు అన్నారు, పెళ్ళిచూపుల్లో జాతకం తిప్పి పంపినంత మర్యాదగా. బ్యాటరీ విషయంలో మాత్రం చేయగలిగింది ఉంది. షాపు ఆయన విధానం చెప్పాడు: ముందు నెగెటివ్ విప్పాలి, తర్వాత పాజిటివ్, వేడినీళ్ళలో వంటసోడా కలిపి పోస్తే బుసబుస పొంగి పొడి అంతా కొట్టుకుపోతుంది, పాత బ్రష్షుతో రుద్ది, గుడ్డతో తుడిచి, ఆరాక, ముందు పాజిటివ్, తర్వాత నెగెటివ్ బిగించి, పైన వాసెలిన్ పూయాలి. “అంతే సార్. ఇక ఊరికే ముట్టుకోకండి. మళ్ళీ పూసినప్పుడు చూసుకుందాం” అన్నాడు. ఈ ఉపదేశంలో పూర్వభాగాన్ని ఆయన శిరసావహించాడు. ఉత్తరభాగం ఆయన చెవికి చేరనే లేదు. మళ్ళీ పూసేదాకా ఆగడమా? శత్రువు కోట గోడ ఎక్కేదాకా ద్వారపాలకుడు కునుకు తీయడమా? ఆనాటి నుంచి ప్రతి ఉదయం, కాఫీ కన్నా ముందు, బ్యానెట్టు ఎత్తడం, విప్పడం, కడగడం, కడిగినా తృప్తి తీరక గరుకు కాగితం చుట్టి, తీగ తగిలించే సీసపు బుడిపె తళతళలాడేదాకా రుద్దడం, వాసెలిన్ పూయడం, మూయడం. ఏ అర్ధరాత్రి ఫోను వచ్చినా రథం సిద్ధం. ఆయన బావమరిది, ఆవిడ తమ్ముడు, వచ్చినప్పుడు ఈ వైభవం చూసి, “బావగారూ, మా అక్క కన్నా మీ బ్యాటరీకే ఎక్కువ స్నానాలు” అన్నాడు. ఆవిడ లోపల్నుంచి, “దానికి జలుబు చేస్తుందేమోనని తల కూడా తుడుస్తార్రా” అన్నది. నవ్వుకోనీ. నవ్వినవాళ్ళ ముందే ఒకరోజు ఫోను వస్తుంది, రథం గర్జిస్తుంది, అప్పుడు చూద్దాం అనుకున్నాడు. ఫోను వచ్చింది. గర్జన రాలేదు.

పొడి లేదు. ఎంత వెతికినా ఒక్క రవ్వ లేదు. బుడిపెలు రెండూ వెండి కుంకుమ భరిణెల్లా మెరుస్తున్నాయి. శత్రువు లేని యుద్ధభూమిలో నిలబడ్డ సేనాపతి ఏం చేస్తాడు? కత్తి దూస్తాడు. ఆయన తీగల చివర క్లాంపులు విప్పి గరుకు కాగితం తీశాడు. నిన్న ఆస్పత్రి నుంచి తిరిగి వచ్చేటప్పుడు కూడా ఇలాగే మొరాయించి, రెండోసారికి కదిలింది కదా. కంటికి కనిపించని పొర ఏదో ఉందని ఈ ఉదయం మరి కాస్త గట్టిగా రుద్దాడు కదా. ఇంకా ఉందేమో, ఇంకా కిందికి, ఇంకా లోపలికి. సీసం మెత్తటి లోహం. రుద్దుతుంటే చేతివేళ్ళు నల్లబడతాయి. వేళ్ళు ఇలా నల్లబడటం ఆయనకు పాత సంగతే. నక్షాల ఆఫీసులో తలవెంట్రుకలు నెరిసేదాకా పనిచేశాడు, పారదర్శకపు కాగితం మీద సిరాతో గీతలు గీస్తూ. గీత ఒక వెంట్రుకవాసి పక్కకు పోతే బ్లేడు అంచుతో సిరాను గీకి తీయాలి, మెల్లగా, ఊపిరి బిగబట్టి. తక్కినవాళ్ళు రెండు గీకులు గీకి, ఆ మచ్చ మీదే కొత్త గీత గీసి ఇంటికి పోయేవారు. ఆయన మచ్చ పూర్తిగా పోయేదాకా గీకేవాడు. పోయేది. ఆపైన కాగితమూ పోయేది. నది వంపు ఉండవలసిన చోట చిన్న కంత, అందులోంచి కింది బల్ల కనిపించేది. పెద్ద డ్రాఫ్ట్‌స్‌మన్ ఆ నక్షాను కిటికీ వెలుగులోకి ఎత్తి, కంతలోంచి ఆయన్నే చూస్తూ, “ఏమోయ్, నది ఎక్కడ?” అని అడిగేవాడు. “ఇక్కడేనండి, తప్పు లేకుండా ఉంది” అని ఆయన ఒకసారి జవాబు చెప్పాడట. ఆఫీసు మూతపడేదాకా ఆ మాట టీ గ్లాసులతో పాటు బల్లబల్లకూ తిరిగింది. ఇప్పుడదెందుకు? రుద్దు. టైమెంతయిందో. రుద్దు.

క్లాంపులు మళ్ళీ బుడిపెలకు తొడిగి బిగించి తాళం తిప్పాడు. దీపాలు; టక్; చీకటి. టాక్సీకి ఫోను చేశాడు. వస్తున్నానన్నవాడు వంతెన అవతల నీళ్ళలో ఇరుక్కున్నాడట. “కదిలితే వస్తా, మీరు వేరేది చూసుకున్నా నాకేం కోపం లేదండి” అన్నాడు, మంచివాడు, ఏ పనికీ రాని మంచివాడు. వేరేది చూసుకుంటే ఫోను తెర మీద కార్ల బొమ్మలు చీమల్లా అక్కడక్కడే గుండ్రంగా తిరుగుతున్నాయి. బావమరిది పొరుగూరి నుంచి తిన్నగా ఆస్పత్రికే బయలుదేరాడు. వాణ్ణి వెనక్కి పిలిస్తే రెండూ చెడతాయి. తోసి స్టార్టు చేద్దామా అంటే షెడ్డు వీధి కన్నా పల్లంలో ఉంది, పైకి తోయాలి. ఈ ఇంట్లో తోయగలిగినవాడు తనొక్కడే, తోసే బండిలో కూర్చోవలసినవాడూ తనే. మనిషి ఒక్కడే ఇద్దరు కాగలిగితే కిడ్నీలకు మాత్రం ఈ అవస్థ ఎందుకు? ఎక్కడో మంచు నింపిన పెట్టెలో ఆ కిడ్నీ ప్రయాణం చేస్తూ ఉంటుంది ఇప్పుడు. ఎక్కడో ఒక ఇంట్లో మొన్నటి వరకు చెప్పులు వేసుకుని తిరిగిన మనిషి. ఆ చెప్పులు ఇంకా గుమ్మంలోనే ఉంటాయి. ఆ ఇంట్లోవాళ్ళు ఏడుస్తూనే సరే అన్నారు, సంతకం పెట్టారు. వాళ్ళు చేసినదానికి పేరు పెట్టడానికి ఏ భాషలోనూ మాట సరిపోదు. ఇన్నాళ్ళూ ఫోను మోగాలని తను కోరుకున్న కోరికకు అసలు అర్థం ఆ ఇల్లు. ఎంత చక్కగా తెలియనట్టు నటించాడు. వాళ్ళు అంత ఇచ్చిన తర్వాత, పుచ్చుకోవడానికి వెళ్ళవలసినవాడు షెడ్డులో నిలబడి, ఒక బుడిపె దగ్గర ఓడిపోవడం. ఇంతకన్నా హాస్యాస్పదమైన పాపం పురాణాల్లో సైతం ఉన్నట్టు లేదు.

లోపల పంపు తిప్పిన చప్పుడు. ఆవిడ ముఖం కడుక్కుంటోంది. కొలిచి తాగే నీళ్ళు, కొలిచి తినే ఉప్పు; ముఖం కడుక్కోవడానికి మాత్రం కొలతలేదు కాబట్టి చాలాసేపు కడుక్కుంటుంది. నిన్న రాత్రి కూడా తను పాదాలు నొక్కి చూశాడు. బొటనవేలితో నొక్కి, ఆ గుంట ఎంతసేపటికి పూడుతుందో చూడటం. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, ఆవిడ నిద్రపోయిందనుకుని ఒకసారి. నిద్రపోలేదు. “ఏమండీ,” అన్నది చీకట్లో, “వాపు లేకపోయినా మీ నొక్కుడికే వచ్చేట్టుంది. చూసి చూసి నన్నే అరగదీసేలా ఉన్నారు.” నవ్వుతూనే అన్నది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, కాసేపాగి, ఈసారి రెండో పాదం నొక్కాడు. ఆవిడ వేళ్ళు సన్నబడ్డాయి. పెళ్ళినాటి ఉంగరం గిన్నెలు తోముతుంటే జారి తూములోకి పోబోయింది; అప్పటి నుంచి దాని లోపలి వైపు ఎర్ర దారం చుట్టి పెట్టుకుంది. కంసాలి దగ్గర చిన్నది చేయిస్తానని ఆయన అంటే, “ఎందుకు కోయించడం? మళ్ళీ ఒళ్ళు చేస్తే?” అన్నది. మళ్ళీ ఒళ్ళు చేస్తే. ఆ మాటను ఆయన జాగ్రత్తగా దాటుకుపోయాడు, వీధిలో తడి సిమెంటును దాటుకుపోయినట్టు. అలాంటి మాటలు కొన్ని ఉన్నాయి ఆయన దగ్గర, కాలు పెట్టనివి. సంచీలో ఏమేం పెట్టుకోవాలో చెప్పేటప్పుడు కూడా పళ్ళపొడి, దువ్వెన, శాలువా అన్నాడు గానీ, ఎన్నాళ్ళకు అన్నది అనలేదు. తిరిగొచ్చేటప్పుడు అనే మాట నాలుక చివరి దాకా వచ్చి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

చేయి ఏమీ తోచక పాజిటివ్ క్లాంపు మీద పడింది. క్లాంపు తిరిగింది. ఆయన చేయి తీసి, చూసి, మళ్ళీ తాకాడు. తిరిగింది, సుఖంగా, అటూ ఇటూ, సన్నబడ్డ వేలి మీద ఉంగరంలా. బోల్టు చివరిదాకా బిగించి ఉంది. క్లాంపు రెండు చెవులూ ఒకదానికొకటి ఆనుకున్నాయి. బిగించడానికి ఇక చోటులేదు. ఉన్నది తుప్పు కాదు. లేనిది బుడిపె. ప్రతి ఉదయం కాఫీ కన్నా ముందు, ఒక్కొక్క పొర, ఒక్కొక్క పొర, తన చేతులతోనే తీసేశాడు. శత్రువు ఏనాడో పోయాడు. ఆ తర్వాతి యుద్ధమంతా సొంత కోట గోడ మీదే. నది ఎక్కడోయ్? ఇక్కడేనండి, తప్పు లేకుండా ఉంది. ఆయన రేడియేటరు అంచు పట్టుకుని నిలబడ్డాడు. పొడి పూసినా బాగుండేది. పూసి ఉంటే సోడానీళ్ళు పోసేవాడు, బుసబుస పొంగేది, కదిలేది. పుట్టినదాన్ని కడగవచ్చు, అరిగినదాన్ని ఏం చేయాలో బ్యాటరీల షాపు ఆయన చెప్పలేదు, ఇంత మూర్ఖుడు ఉంటాడని పాపం ఊహించలేదు.

“ఏమైంది?” అన్నది ఆవిడ. సంచీ చేతిలో ఉంది, శాలువా భుజాల చుట్టూ ఉంది, తలుపు దగ్గర ఒక చేయి గోడకు ఆనించి నిలబడింది.

“ఏం కాలేదు. నువ్వు లోపల కూర్చో.”

“ఏం కాకపోతే అదెందుకు నోరు తెరుచుకునుంది?”

ఆయన చెప్పాడు. నక్షాల ఆఫీసులో కంతను వివరించినప్పటి కన్నా తక్కువ మాటల్లో చెప్పాడు: గీకి గీకి అరగదీశాను, పట్టు దొరకడం లేదు, టాక్సీ రాదు. చెప్పి, నల్లబడ్డ వేళ్ళు చూసుకుంటూ, రాబోయే తుపాను కోసం తల వంచాడు. తుపాను రాలేదు. ఆవిడ నెమ్మదిగా మెట్టు దిగి వచ్చి, బ్యాటరీ మీదికి వంగి, క్లాంపును ఒక వేలితో తిప్పి చూసింది. తర్వాత ఆ చేతినే ఆయన ముఖం ముందు పెట్టింది, ఉంగరం కనిపించేలా.

“దీనికేం చేశాను?”

“దారం చుట్టావు. కానీ దారంలోంచి కరెంటు పోదే.”

“దారం కాకపోతే ఇంకోటి. వంటింట్లో మీ శత్రువు ఒకడున్నాడుగా.”

ఆ శత్రువును గురించి రెండు మాటలు చెప్పకపోతే చరిత్రకు అన్యాయం జరుగుతుంది. వంటింటి బల్ల కొన్న నాటి నుంచి ఒక కాలు పొట్టి. ఏ కాలు, ఎంత పొట్టి, లోపం బల్లదా నేలదా అని తేల్చడానికి ఆయన బల్లకు నాలుగు వైపుల నుంచీ నక్షా గీశాడు. సిరా ఆరేలోగా ఆవిడ పాలపొడి డబ్బా మూత కత్తిరించి, మడిచి, ఆ కాలి కింద దోపి, వంట చేసుకుంది. బల్ల ఆనాటి నుంచి ఊగలేదు. అన్నం తింటున్నప్పుడల్లా ఆ రేకుముక్క కంటబడి, రేఖాగణితం ముఖాన ఎవరో ఉమ్మినట్టు ఆయన బాధపడేవాడు. ఎన్నోసార్లు తీసి పారేయబోతే ఆవిడ గరిటె చూపించింది.

ఇప్పుడు ఆవిడే వెనక్కి వెళ్ళింది. నేనెళతానంటే, “మీరు చేతులు తుడుచుకోండి” అన్నది. లోపల బల్ల కాళ్ళు నేల మీద ఈడ్చిన చప్పుడు, ఒక గ్లాసు దొర్లిన చప్పుడు, తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దంలో ఆయన ఆవిడ వంగి ఉంటుందని, వంగినప్పుడు ఆవిడకు కళ్ళు తిరుగుతాయని, పడిపోతే వర్షంలో వినపడదని, ఇంకా చాలా అనుకున్నాడు. నెగెటివ్ విప్పాడు, పాజిటివ్ విప్పాడు, వరుస తప్పలేదు, ఆ వరుస చేతులకు తెలుసు. ఆవిడ వచ్చింది. రేకుకు ఒక వైపు తుప్పు, ఒక వైపు పసుపు మరక. ఆయన మడత విప్పి, తుప్పు వైపు రుద్దడానికి గరుకు కాగితం తీశాడు. ఆవిడ ఆయన మణికట్టు పట్టుకుంది.

“రెండు సార్లు రుద్దండి. మూడోది వద్దు.”

రెండు సార్లు రుద్దాడు. మూడోది ఆయన భుజంలో పుట్టి, మోచేతి దాకా వచ్చి, అక్కడ ఆగింది. రేకును అరిగిన బుడిపె చుట్టూ చుట్టి, ఆవిడ టార్చి పట్టుకుంటే, క్లాంపును దాని మీదికి తొడిగి, స్పానరు వెనకతో నాలుగు దెబ్బలు కొట్టి, బోల్టు తిప్పాడు. బోల్టు కొంతదూరం తిరిగి ఆగింది. చెవులు ఆనుకోలేదు, వాటి మధ్య సన్నని సందు మిగిలింది, లోకంలో అంత అందమైన సందును ఆయన ఏ నక్షాలోనూ గీయలేదు. క్లాంపును తిప్పబోయాడు. తిరగలేదు. నెగెటివ్ బిగించాడు. వాసెలిన్ డబ్బా మీదికి పోయిన చేతిని తనే వెనక్కి పిలుచుకున్నాడు.

తాళం తిప్పేముందు, ఇంటికి తాళం వేసి వచ్చి పక్కన కూర్చున్న ఆవిడ వైపు చూడలేదు. చూస్తే, ఇది కదలకపోతే ఏమవుతుందో ఆ ముఖంలో ముందే రాసి ఉంటుందనిపించింది. తిప్పాడు. ఇంజను ఒకసారి దగ్గింది, రెండోసారి దగ్గింది, తర్వాత పాత రోగిలా గొంతు సవరించుకుని, షెడ్డు రేకులు కంపించేలా మోగింది. అది గర్జన అని చెప్పడానికి లేదు. అయినా ఈ లోకంలో ఎన్ని గర్జనలు ఇంతపాటి దగ్గుకు సాటి వస్తాయి? ఆయనకు ఏడుపు వచ్చింది. దాన్ని రివర్సు గేరులో వేసి, పల్లంలోంచి బండిని వీధిలోకి ఎక్కించాడు.

వీధి నీళ్ళతో నిండి ఉంది. వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. డాష్‌బోర్డు గడియారం బ్యాటరీ విప్పినందువల్ల పన్నెండు దగ్గర మళ్ళీ మొదలుపెట్టి, ఎవరి తొందరా తనకు పట్టనట్టు నడుస్తోంది. ఆవిడ చేతి గడియారం చూసి, చేరిపోతాంలెండి అన్నది. సిగ్నలు దగ్గర ఇంజను ఆగిపోతుందేమోనని యాక్సిలరేటరు మీంచి కాలు తీయకుండా కూర్చున్నాడు. ఆ కాస్త సేపట్లో ఆయన చూపు అలవాటుగా ఆవిడ పాదాల వైపు దిగబోయింది. చెప్పుల పట్టీ దగ్గర గుంట పడిందా? ఉదయం కన్నా? చూపును ఎత్తి ఎర్రదీపం మీద పెట్టాడు. అది అక్కడ ఉండనంటుంటే బలవంతంగా ఉంచాడు. పక్కన ఆవిడ అద్దం మీద ఆవిరిని శాలువా కొంగుతో ఒక్కసారి తుడిచి, తుడిచిన మేరకు చాలన్నట్టు చేయి ఒళ్ళో పెట్టుకుంది.

“ఇదిగో, మర్చిపోయేరు,” అన్నది, ఉప్పు తెమ్మని చెప్పినంత మామూలుగా, “మనం తిరిగొచ్చాక ఆ రేకు తీసి మళ్ళీ బల్ల కింద పెట్టాలి. ఊగే బల్ల మీద నాకు అన్నం సయించదు.”

పచ్చదీపం పడింది. వెనకవాడు హారను కొట్టాడు. ఇన్నాళ్ళూ ఆయన తడి సిమెంటులా దాటుకుపోయిన మాట మీద ఆవిడ రెండు కాళ్ళూ పెట్టి నిలబడింది. “పెడదాం,” అన్నాడు. వెనకవాడు మళ్ళీ హారను కొట్టినా, ఇంకొకసారి అన్నాడు: “తిరిగొచ్చాక పెడదాం.” బండి కదిలింది. తాళం వేసిన ఇంట్లో, చీకటి వంటింట్లో, బల్ల ఒక కాలు గాలిలో పెట్టుకుని నిలబడి ఉంటుంది ఈపాటికి.